గేజీ మీద అరవై నాలుగు

ఆదోని, ఎమ్మిగనూరు చూసి వచ్చి రెండు నెలలైంది. ఎలా ఉందని అడిగిన వాళ్ళందరికీ "బాగుంది" అని ఒక్క మాట చెప్పి తప్పించుకుంటున్నాను. మామూలుగా నోరు మూయని మనిషిని. మా ఆవిడ రత్తమ్మకి అనుమానం వచ్చింది. "నోటితో చెప్పలేకపోతే కాగితం మీద పెట్టు. నీకు అక్షరాలు దిద్దించింది ఎందుకనుకున్నావ్" అంది. అటువైపు ఎన్నడూ పోని వాళ్ళ కోసం ఊళ్ళ సంగతి కొంత రాస్తాను. మిగతాది నా సిగ్గు సంగతి. అది ఎక్కువ ఉంటుంది. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు.

మాది రేపల్లె. నలభై ఏళ్ళు మోటారు సైకిళ్ళు బాగుచేశాను. యాభై ఎనిమిదో ఏడు వచ్చేదాకా నాకు అ అంటే తెలియదు. బండి శబ్దం విని రోగం చెప్పేవాణ్ణి. ట్యాంకు మీద వేళ్ళ కణుపులతో కొట్టి పెట్రోలు ఎంతుందో చెప్పేవాణ్ణి. అయినా ప్యాంటూ చొక్కా వేసుకున్న ప్రతివాడూ బండితో పాటు వచ్చిన పుస్తకం తిప్పి, "చదువు రానివాడికి చెప్పినా అర్థం కాదులే" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు పడ్డానో. రత్తమ్మ అంగన్వాడీ టీచరు. పిల్లల పలక ఒకటి ఇంటికి తెచ్చి, వంటింట్లో కూర్చోబెట్టి, ఆరు నెలల్లో నా చేత చదివించింది. ఆ తర్వాత నేను చదవని బోర్డు లేదు. సబ్బు కాగితాలు కూడా చదివాను.

షెడ్డు కుర్రాళ్ళకి అప్పజెప్పాక ఒకటే కోరిక మిగిలింది. ఎవర్నీ దారి అడక్కుండా, బోర్డులు చదువుకుంటూ దూరం పోవాలి. ఆదోని ఎందుకంటే, మా వైపు మిల్లులకి పత్తి తెచ్చే లారీల వాళ్ళు ఆ పేరు ఎప్పుడూ చెబుతుండేవారు. మా మేనల్లుడి దగ్గర దూరాలు తిరిగే పెద్ద బండి ఉంది. ఇస్తూ ఇస్తూ వాడు ఒక్కటే చెప్పాడు: "మావయ్యా, దీని గేజీని నమ్మకు. పోయించినప్పుడల్లా కిలోమీటర్లు రాసిపెట్టుకో."

"నాకు చెబుతున్నావా రా, గేజీ సంగతి?" అన్నాను.

నిజానికి నాకు తెలియంది కాదు. ట్యాంకులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. పెట్రోలు దిగితే అదీ దిగుతుంది. దాన్ని బట్టి గేజీ చెబుతుంది. కానీ ఈ పెద్ద బళ్ళ ట్యాంకు గుర్రం మీద వేసిన జోలెసంచీలా రెండు పక్కలకి దిగి ఉంటుంది. బెండు ఒక పక్కనే ఉంటుంది. స్టాండు మీద వాలిస్తే ఒక లెక్క, నిలబెడితే ఒక లెక్క. బెండు ఎక్కడైనా తగులుకుంటే ఇక దాని ఇష్టం. పాత బళ్ళకి ఈ గొడవ లేదు. బండి దగ్గితే రిజర్వులోకి తిప్పుకుని ఇంటికి పోయేవాళ్ళం. ఈ బండికి ఆ పిడి లేదు. దాని బదులు చిన్న అద్దంలో, ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోతుందో అంకెల్లో రాసి చూపిస్తుంది.

రాసి చూపిస్తుంది. నా పతనం అక్కడే మొదలైంది.

కోడుమూరు

నంద్యాలలో ట్యాంకు నిండా పోయించాను. రాత్రి కర్నూలులో పడుకుని పొద్దున్నే కోడుమూరు దారి పట్టాను. మా వైపు రోడ్డు పక్కన కాలవ లేకుండా మైలు దూరం పోలేం. ఇక్కడ నీళ్ళు కనపడాలంటే ఎవరైనా చెంబుతో ఎదురు రావాలి. ఎర్ర నేల, నల్ల నేల, మళ్ళీ ఎర్ర నేల. జొన్న చేలు, కంది చేలు. మనుషులు తక్కువ, ఆకాశం ఎక్కువ.

కోడుమూరు ఇంకా కొంచెం దూరం ఉందనగా గేజీలో అంకె సున్నాకి పోయింది. ఎర్ర లైటు టకటకా కొట్టుకుంది. బండి ఆపి, ఎండలో దిగి, బంకు దాకా తోసుకుంటూ పోయాను. ఎంత బరువో ఆ బండి. నా వయసు అరవై నాలుగు. బంకులో ఉన్న అమ్మాయి మూత తీసి లోపలికి చూసింది. నా మొహం చూసింది. మళ్ళీ లోపలికి చూసింది.

"ఏం పెద్దాయనా, సగం పైన ఉంది గదా. బండిని వ్యాయామానికి తీసుకపోతాండావా?"

పక్కనున్న ట్రాక్టరు డ్రైవరు పగలబడి నవ్వాడు. నేను కూడా నవ్వాను కానీ అది నవ్వు కాదు. పోయించుకోకుండా వచ్చేశాను. తిక్క. పక్కనే టీ తాగాను, పది రూపాయలు. మా ఊళ్ళో కంటే పాలు చిక్కగా ఉన్నాయి.

అక్కడ కూర్చుని మెకానిక్కు బుర్రతో ఒక లెక్క వేశాను. ఈ గేజీ ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తోంది. అంటే ఇది ఎంత చూపిస్తే, లోపల అంతకు మించే ఉంటుంది. ఆ లెక్క వేసుకుని నాకు నేనే మురిసిపోయాను. కిలోమీటర్లు మాత్రం రాసుకోలేదు.

ఆదోని

ఆదోనిలో మూడు రాత్రులున్నాను. మార్కెట్టు యార్డు చూడటానికే ఒక పూట పట్టింది. పత్తి కుప్పలు మనిషెత్తున ఉంటాయి. వాటి మధ్య నడిస్తే చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఊరి చప్పుడు తగ్గిపోతుంది. గాలికి లేచిన పింజలు మీసాలకి అంటుకుంటాయి. ఒక ఆడమనిషి నా మొహం చూసి, "ఏమన్నా, వచ్చిన పూటకే ముసలోనివైపోతివే" అంది. నేను ముందు నుంచే ముసలివాణ్ణని చెప్పాను.

తినడానికి పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఉగ్గాని అంటే బొరుగులు, అదే మరమరాలు, తడిపి నీళ్ళు పిండేసి, పోపులో వేసి పుట్నాల పొడి చల్లుతారు. మా ఇంట్లో బొరుగులు సాయంత్రం పిల్లలు నములుతారు గానీ, దాంతో టిఫిను అవుతుందని తెలియదు. ప్లేటు ముప్ఫై రూపాయలు. మధ్యాహ్నం జొన్నరొట్టె. మొదటి రోజు రెండు రొట్టెలకి దవడలు నొప్పెట్టాయి. మూడో రోజుకి అన్నం గుర్తు రాలేదు. ఈ ఊళ్ళో సగం మాటలు ఉర్దూలో, సగం తెలుగులో, కోపం వస్తే కన్నడంలో వస్తాయి. ఎవరైనా ఎవరినైనా "అన్నా", "అప్పా" అంటారు. మా వైపు "అండీ" అని దూరం పెడతాం. ఇక్కడ మొదటి మాటలోనే చుట్టాన్ని చేసుకుంటారు. ఆ మర్యాదకి నేనేం చేశానో ముందు ముందు తెలుస్తుంది.

కౌతాళం

ఒక రోజు కౌతాళం వెళ్ళాను. అటు కాలవ నీళ్ళు, వరి మళ్ళు. రేపల్లె ఎవరో తెచ్చి పెట్టినట్టుంది. అక్కడ ఒక కొట్టు మీద కన్నడం బోర్డు ఉంది. ఆ అక్షరాలు మన అక్షరాలకి తోబుట్టువుల్లా ఉంటాయి. కూడబలుక్కుని పేరు చదివేశాను. కొట్టు ఆయన్ని అడిగితే సరిగ్గానే చదివానన్నాడు. ఆనందం పట్టలేక అక్కర్లేకపోయినా ఒక సబ్బు కొన్నాను. నేర్చుకున్న భాష ఒకటి, చదివేవి రెండు. ఇంక నన్ను పట్టేదెవరు? మర్నాడంతా పత్తి చేల వెంట పల్లెలు తిరిగాను. గేజీ దిగుతూ ఎక్కుతూ ఉంది. దాని అలవాటు నాకు తెలుసుగా అనుకున్నాను.

టీ బండి దగ్గర

నాలుగో రోజు పొద్దున ఆరు గంటలకి ఎమ్మిగనూరు బయల్దేరాను. మగ్గాలు చూడాలని. చలి బాగా ఉంది. బస్టాండు దగ్గర టీ బండి పక్కన స్టాండు వేసి ఆపాను. అక్కడ ఒక పెద్దమనిషి తువ్వాలు చెవులకు చుట్టుకుని నిలబడ్డాడు. డెబ్బై ఉంటాయి. చేతిలో గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువు.

"ఏమిటండీ అది?" అన్నాను.

"కుంచె. పడుగుకు గంజి పెట్టేది. కూతురింటికి వచ్చింటి, ఈడ కుంచె కట్టేటోడు ఉండాడు, కట్టించుకోని పోతాండా."

పేరు నాగప్ప. ఎమ్మిగనూరులో ఈరన్న అనే నేతగాడి ఇంట్లో ఆ పొద్దున పడుగుకి గంజి పెట్టాలి. కుంచెకి రెండు కొసలు, ఇద్దరు మనుషులు. ఒకడు ఈరన్న, రెండోవాడు నాగప్ప. "ఇప్పుడంతా గంజి పెట్టిన నూలే కొంటాండారు. వీధిలో సాపి పెట్టేటోళ్ళు మా పక్క రెండిండ్లు ఉంటాయేమో. నేను పోకుంటే ఆ కొస పట్టేటోడు లేడు" అన్నాడు.

"నేనూ ఎమ్మిగనూరే. ఎక్కండి."

"బస్సు పది నిమిషాల్లో వస్తాదిలే అప్పా."

"బస్సు ఊరూరా ఆగుతుంది. నేను ముందు దింపుతాను."

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, కణుపులతో ట్యాంకు మీద రెండుసార్లు కొట్టాడు. చెవి దగ్గర పెట్టి మళ్ళీ కొట్టాడు.

"ఇది ఖాళీ మోగుతాంది సూడు. గంజి బాన కూడా ఖాళీ అయితే ఇట్లే పలుకుతాది. ఆ మూల బంకుంది గదా, పోయించుకోని పోదాం."

నలభై ఏళ్ళు నేను చేసిన పని అది. నా చేతుల్తో చేసిన పనే నా ఎదురుగా ఇంకొకాయన చేసి, నిజం చెప్పాడు. నేనేమన్నానో రాస్తున్నాను. రాయడానికి ఇన్ని పేజీలు తిప్పించాను.

"చదువు రానివాళ్ళకి చెప్పినా అర్థం కాదులెండి. ఇక్కడ రాసి ఉంది. ఆరు, నాలుగు. అరవై నాలుగు కిలోమీటర్లు పోతుంది. మనకి ముప్ఫై కూడా అక్కర్లేదు. పైగా ఇది తక్కువ చూపించే గేజీ."

టీ బండాయన గ్లాసు కడుగుతూ తలెత్తి నన్ను చూశాడు. నాగప్ప చూడలేదు.

"సదువుకున్నోనివి. నీకే తెలుసులే" అని, కుంచె ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని వెనక ఎక్కాడు.

దారిలో

బయల్దేరగానే ఆయనకి ఈరన్న ఫోను వచ్చింది. "బండి మీద వస్తాండా. నేను ఊరి దాపుకు వచ్చి చెప్పేదాక తడపొద్దు" అని చెప్పాడు నాగప్ప. తడపడం ఏమిటని నేనే అడిగాను. విడమరిచి చెప్పాడు. మగ్గానికి ఎక్కే ముందు పడుగు, అంటే నిలువు పోగులు, వీధి పొడుగునా చాపుతారు. గంజితో తడుపుతారు. తడిపిన వెంటనే కుంచెతో ఆ చివర నుంచి ఈ చివరికి, ఈ చివర నుంచి ఆ చివరికి, ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. దువ్వకముందే ఎండ తగిలితే పోగులన్నీ అంటుకుపోయి అట్ట అయిపోతుంది. "పెండ్లోళ్ళు అడిగిన పంచెలప్పా. రోజు చెప్పి ఒప్పుకున్న పని. ఇంట్లో ఉన్న నూలు కూడా అంతే" అన్నాడు.

కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

సగం దూరం రాకముందే మళ్ళీ ఫోను మోగింది. గాలికి ఆయనకి అవతలి మాట వినపడలేదు. బండి ఆపి నేను తీసుకున్నాను.

"ఎండెక్కుతాంది మామా, యాడున్నారు?" ఈరన్న గొంతు కంగారుగా ఉంది.

"ఊరి దగ్గరికి వచ్చేశాం. తడపండి" అన్నాను.

నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది అర్థమవుతుంది. బండి ఇంజను విప్పి నేల మీద పరిచి ఉన్నా సరే, ఫోను వస్తే "అయిపోయిందండీ, బయల్దేరండి" అంటాం. వాళ్ళు వచ్చేలోపు ఎలాగో బిగిస్తాం. నలభై ఏళ్ళు ఆ అబద్ధంతోనే షెడ్డు నడిపాను. నా నోటికి అది అబద్ధమని కూడా తెలియదు.

నాగప్ప చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. "ఏమప్పా, ఊరు దాపు యాడుంది?"

"వాళ్ళు తడిపేలోపు మనం అక్కడుంటాం. గట్టిగా పట్టుకోండి."

రెండు కిలోమీటర్లు పోయామో లేదో బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగింది. గేజీలో నలభై తొమ్మిది అని రాసి ఉంది. చాలా స్పష్టంగా, అందంగా రాసి ఉంది.

అటూ ఇటూ పత్తి చేలు. ఎండ చేల మీదకి వచ్చేసింది. వెనక నుంచి బస్సు వస్తోంది, మేం వదిలేసిన బస్సే. నాగప్ప రోడ్డు మీదకి పోయి చెయ్యి ఎత్తాడు.

ఆ ఎత్తిన చెయ్యి పట్టుకుని నేను దించాను.

"బస్సెందుకు, నిమిషంలో లేపుతాను" అన్నాను. బస్సు హారను కొట్టి పోయింది. కిటికీలోంచి ఒకతను వెనక్కి తిరిగి మమ్మల్ని చూస్తూనే పోయాడు.

బండిని పక్కకి పడుకోబెట్టాను. ట్యాంకు అవతలి సంచీలో మిగిలిన చుక్కలు ఇవతలికి జారతాయి. పాత విద్య. బండి లేచింది. "చూశారా?" అన్నాను. ఆ మాట కూడా అన్నాను. కిలోమీటరున్నర పోయి మళ్ళీ చచ్చింది. ఈసారి పడుకోబెట్టడానికి ఏమీ లేదు.

నాగప్ప ఫోను చేశాడు. అవతలి మాట నాకూ వినపడింది. "తడిపేసినాము మామా! యాడ ఉండారు? వీధి చివర దాక చూస్తాండాము!"

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, కుంచె భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇంకా పది కిలోమీటర్లు మిగిలిన దారిలో. నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. చాలాసేపటికి ఒక పాల ఆటో వచ్చింది. దూరంగా ఆయన దాన్ని ఎక్కడం కనిపించింది.

నేను బండి తోస్తూ మిగిలాను. మొన్న పెట్రోలున్న బండి తోశాను, ఇవాళ ఖాళీ బండి. చేలో మందు కొట్టే మోటారుకి తెచ్చుకున్న పెట్రోలు ఒక రైతు దగ్గరుంది. సీసాడు ఇచ్చి బంకు ధరే తీసుకున్నాడు. "గేజీ లేదాన్నా బండికి?" అన్నాడు.

"ఉంది" అన్నాను.

ఎమ్మిగనూరు

అడుగుతూ అడుగుతూ ఆ వీధికి చేరాను. బోర్డులు చదువుకుంటూ కాదు, ప్రతివాణ్ణీ అడుగుతూ. ఎండ నడినెత్తికి రాలేదు గానీ అప్పటికే చురుక్కుమంటోంది.

వీధి పొడుగునా కర్రల మీద చాపిన తెల్లటి పడుగు. దగ్గరికి పోతే అది పోగుల్లా లేదు. ఉతికి బిగుసుకుపోయిన గంజిగుడ్డలా, బద్దలు బద్దలుగా ఉంది. ఈరన్న, నాగప్ప కుంచె పట్టుకుని నిలబడ్డారు. దువ్వితే పోగులు తెగుతున్నాయి. ఈరన్న భార్య సుంకమ్మ, ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వరసగా కూర్చుని, అంటుకున్న పోగులు తడి చేత్తో ఒక్కొక్కటి విడదీస్తున్నారు.

సుంకమ్మ తలెత్తి, "బండన్న ఈయనేనా మామా?" అని అడిగింది.

"ఈయనే. పాపం, బండి చెడిపోయె దారిలో" అన్నాడు నాగప్ప.

నన్ను కాపాడాడు. ఆ క్షణంలో నేను నిజం చెప్పాలి. నేనేం చేశానంటే, "అవునమ్మా, ప్లగ్గు పోయింది" అన్నాను.

"ప్లగ్గంటే ఏందన్నా?" అంది సుంకమ్మ, పోగుల మీంచి చెయ్యి తీయకుండా.

చెప్పాను. ప్లగ్గు ఎక్కడుంటుంది, నిప్పురవ్వ ఎలా పుడుతుంది, మసి పడితే ఎలా ఆరిపోతుంది, చేతులు తిప్పుతూ వివరంగా చెప్పాను. అందరూ విన్నారు. ఈరన్న కూడా కుంచె దించి విన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పడుగు మళ్ళీ నీళ్ళతో తడిపారు. చుట్టారు. మర్నాడు పొద్దున మళ్ళీ గంజి పెట్టాలి. ఈలోపు తెగిన పోగులన్నీ అతకాలి. "నేనూ అతుకుతాను" అని కూర్చున్నాను. పోగు కొసలు రెండూ కలిపి వేలి మధ్య తిప్పి ముడి వేయడం సుంకమ్మ చూపించింది. నా వేళ్ళు బోల్టులకి పుట్టినవి. ఆమె పది వేసేలోపు నేను ఒకటి. పైగా నలభై ఏళ్ళ గ్రీజు గోళ్ళ కింద ఉండిపోయింది కదా. నేను ముట్టుకున్న చోటల్లా తెల్ల పోగు మీద బూడిద రంగు మచ్చ. పెళ్ళివాళ్ళ పంచెలకి.

సుంకమ్మ అది చూసి, నా చేతిలోంచి పోగు మెల్లగా తీసుకుంది. "అన్నా, నువ్వు పొయ్యి కాడ కూర్చో. గంజికి పిండి జల్లించు. దానికి మచ్చ తగల్దు" అంది.

ఆ పూటంతా జల్లెడ పట్టాను. మధ్యాహ్నం జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిక్కాయల పొడి, మన వేరుశెనగే. రొట్టె చేత్తో తడుతూ ఆమె నా కంచంలో ముందు వేసింది. వాళ్ళ నెల పని పాడుచేసినవాడికి వేడి రొట్టె. నమలడానికి ఆదోనిలో పడ్డ కష్టం దీని ముందు ఏపాటిదీ కాదు.

రాత్రి వాళ్ళ అరుగు మీదే పడుకోమన్నారు. రెండో రోజు తెల్లారే గంజి పెట్టారు. ఈసారి ఎండ రాకముందే మొదలైంది. నాగప్ప, ఈరన్న పడుగుకి చెరో పక్కా కుంచె కొస పట్టుకుని నడుస్తుంటే చూశాను. ఒకరి అడుగు ఒకరికి తెలుసు. మాటలు లేవు. తడిసి ముద్దగా ఉన్న పోగులు ఆ కుంచె కింద ఒక్కొక్కటిగా విడిపోయి, వాటంతట అవే లేచి నిలబడ్డాయి. చదివి నేర్చుకునే పని కాదది. చెవితో, చేత్తో నేర్చేది. నా పని కూడా ఒకప్పుడు అదే.

పడుగు దక్కింది గానీ మొత్తం దక్కలేదు. ఒక కొస వైపు పోగులు పనికిరాకుండా పోయాయి. నాలుగు పంచెలు తక్కువ వస్తాయని ఈరన్న పెళ్ళివాళ్ళకి ఫోనులో చెబుతున్నాడు. అవతలివాళ్ళు ఏదో గట్టిగా అంటున్నారు. "మాదే తప్పు, మాదే తప్పు" అంటున్నాడు.

ఇంక నా వల్ల కాలేదు. ఆయన ఫోను పెట్టగానే అందరి ముందూ చెప్పేశాను. ప్లగ్గు పోలేదు. పెట్రోలు అయిపోయింది. నాగప్ప ముందే చెప్పాడు, నేను వినలేదు. ఊరి దగ్గరికి వచ్చామని చెప్పింది అబద్ధం. బస్సు వస్తే ఎక్కనివ్వలేదు.

ఎవరూ ఉలిక్కిపడలేదు. సుంకమ్మ చేటలో పిండి దులుపుతూ అంది: "ఆ బస్సులో మా మరిది ఉండెన్నా. మీకంటే ముందే వచ్చి చెప్పినాడు. నువ్వు మామ చెయ్యి పట్టి దించింది కూడా. నువ్వు వచ్చినప్పుడు నీ చేతులకు పెట్రోలు వాసన, తక్కింది అప్పుడే తెలిసిపోయె."

"మరి తెలిసే... ప్లగ్గు గురించి అంతసేపు విన్నారే?"

"నువ్వు అంత బాగా సెప్తాంటివి. ఆపబుద్ధి కాలేదు."

ఈరన్న అప్పుడు నవ్వాడు. ఆ రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదే. "ఒగటి మటుకు నిజమన్నా, ప్లగ్గు గురించి ఇప్పుడు మాకు బాగా తెలుసు" అన్నాడు.

ఒక్కటి మాత్రం అప్పటికీ వాళ్ళకి తెలియదు. టీ బండి దగ్గర నేను నాగప్పని అన్న మాట. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. బస్సు కిటికీలోంచి కనపడే మాట కాదు కదా.

తిరుగు ప్రయాణం

బయల్దేరే ముందు ఊళ్ళో బంకుకి పోయి పోయించుకొచ్చాను. నాలుగు పంచెల నష్టం నేను కట్టుకుంటానంటే ఈరన్న ఒప్పుకోలేదు. "పెండ్లి బట్ట, దుడ్లతో తీరేది కాదులే" అన్నాడు. సుంకమ్మ రెండు రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది.

"మళ్ళా రాన్నా. ఈ తూరి బస్సులో రా."

నాగప్ప గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయన ఎదుట నిలబడి నా మాట వెనక్కి తీసుకోవాలని రెండు రోజులుగా అనుకుంటున్నాను. అన్నప్పుడు అంత సులువుగా వచ్చిన మాట. వెనక్కి తీసుకోవడానికి నోరు పెగల్లేదు. చివరికి వచ్చింది ఇది:

"అన్నా, ఒకసారి కొట్టి చెప్పవూ. ఎంతుందో."

ఆయనకి దేనికి అడుగుతున్నానో తెలిసిందనే అనుకుంటాను. గుమ్మం దిగి వచ్చి, వంగి, కణుపులతో ట్యాంకు మీద కొట్టాడు. చెవి ఆనించాడు. ఇంకోపక్క కూడా కొట్టాడు.

"నంద్యాల దాక పోతాది. ఆడ పోయించుకో" అన్నాడు.

నంద్యాలలో పోయించుకున్నాను. దారి పొడుగునా గేజీలో ఏదో రాసి ఉండే ఉంటుంది. నేను చదవలేదు.